మా వరసలో నేనే చిన్నదాన్ని

పని నేనే మానేశానని అమ్మతో చెప్పాను. నిజానికి కంపెనీ వాళ్ళే పంపేశారు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. ఆ వయసుకే ఒక మనిషిని ఇక చాలు పొమ్మంటారని మా కొండ మీద ఎవరితో చెప్పినా నమ్మరు. నమ్మినా, ఈ పిల్లలో ఏదో లోపం ఉండబట్టే పంపేసి ఉంటారనుకుంటారు. ఆ మాట పడలేక అబద్ధమాడాను. దానివల్ల ఇంకెవరికైనా కష్టం కలుగుతుందని నాకప్పుడు తోచలేదు.

మాది అరకు నుంచి ముంచింగిపుట్టు వైపు పోయే దారిలో, రోడ్డు దిగి కాఫీ తోటల్లోంచి నడిచి వెళ్ళాల్సిన చిన్న ఊరు. ఆశ్రమ పాఠశాలలో పది, అరకులో ఇంటర్ పూర్తయ్యాక మా బ్యాచ్ ఆడపిల్లలం కొందరం ఒకే జీపులో విశాఖపట్నం దిగాం. ఊరి చివర చొక్కాలు కుట్టే కంపెనీ. నాకు కాలర్లు కుట్టే లైన్ ఇచ్చారు. కంపెనీ వాళ్ళదే హాస్టలు. పొద్దున షిఫ్ట్ బస్సు, సాయంత్రం షిఫ్ట్ బస్సు. ఇన్నేళ్ళు ఆ నగరంలో ఉన్నానని చెప్పుకుంటాను కానీ నేను చూసిన నగరం ఆ హాస్టలూ, ఆ బస్సూ, ఆ లైనూ.

అందులో ఉన్నవాళ్ళంతా ఒకే ఈడు ఆడపిల్లలం. పాడేరు వాళ్ళు, శ్రీకాకుళం పల్లెల వాళ్ళు, ఒడిశా వాళ్ళు. మాటలు వేరు, తిండి వేరు, వయసు మాత్రం ఒక్కటే. మాలో ఎవరికీ తల నెరవలేదు, చంకలో బిడ్డ లేదు. ఆదివారం బీచికి వెళ్ళినప్పుడు ఎవరైనా ముసలావిడ మనవడిని ఎత్తుకుని కనబడితే మా పిల్లలు చుట్టూ మూగి ఒకసారి ఇవ్వండి అమ్మమ్మా అని అడిగేవాళ్ళు. ఒకసారి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి జామకాయలమ్మే అవ్వను చూసి రోడ్డు మీదే ఏడ్చేసింది. ఆ అవ్వ వాళ్ళ నాయనమ్మలా ఉందట. ఆ పిల్లను సముదాయిస్తుంటే నాకూ గుర్తొచ్చింది, ముసలి మనిషితో మాట్లాడి ఎన్ని నెలలైందో.

ముప్పై దగ్గర పడ్డవాళ్ళు ఏమవుతారో మేమెవరం అడగలేదు. ఒక మంచం ఖాళీ అయ్యేది. పెళ్ళి కుదిరింది అనో, ఇంటి దగ్గర పనుంది అనో చెప్పుకునేవాళ్ళు. వారం తిరక్కుండా ఆ మంచం కిందకి కొత్త ట్రంకుపెట్టె వచ్చేది. నాకు మొదటి రోజు దొరికిన మంచమూ అలాంటిదే. దాని మీద అంతకుముందు ఎవరు పడుకునేవారో నేనెప్పుడూ కనుక్కోలేదు.

అందరూ నన్ను అక్కా అనేవారు. అక్క అనిపించుకోవడం బాగానే ఉండేది. ఒకరోజు కొత్త పిల్ల ఒకతి బకెట్ తీసుకోవచ్చా ఆంటీ అంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుని అద్దంలో చాలాసేపు చూసుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకే మా సూపర్‌వైజర్ మేడం నన్ను చెకింగ్ టేబుల్ దగ్గరకు పిలిచింది. అనకాపల్లి దగ్గరి మనిషి, నాకన్నా కొంచెం పెద్దది. కోపిష్ఠి కాదు. నేను కుట్టిన కాలరొకటి చేతిలోకి తీసుకుని, కుట్టు పక్కకి పోతోంది, నీకు చూపు తగ్గినట్టుంది, కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్టు తీసుకో, మళ్ళీ పిలుస్తాం అంది. ఆ కాలర్‌ను ట్యూబ్‌లైట్ వెలుగులో పెట్టి చూశాను. కుట్టు నాకు తిన్నగానే కనబడింది. తిన్నగా కనబడిందంటే వంకర కనబడనంతగా కళ్ళు పాడయ్యాయన్నమాట అనుకున్నాను. సరే మేడం అన్నాను. ఆ రెండు మాటలే.

మర్నాడు కిరండూల్ రైలెక్కి వచ్చేశాను. శృంగవరపుకోటలో గంపలతో ఎక్కిన ఆడవాళ్ళలో నడివయసు వాళ్ళున్నారు, పళ్ళూడిన వాళ్ళున్నారు, పాలు తాగే పిల్లలున్నారు. వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చాన్నాళ్ళకు మామూలు మనుషుల్లో పడ్డట్టనిపించింది. కానీ సొరంగాలు మొదలయ్యేసరికి, ఇంట్లో ఏం చెప్పాలన్న దిగులే మిగిలింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. సంచీ చూసి, పండగా కాదు పబ్బమూ కాదు ఏమిటిలా వచ్చావని అడిగింది. పని విసుగొచ్చింది, మానేశాను అన్నాను. అమ్మ చేట ఆపి నా ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి అంబలి కలిపి తెచ్చింది. అడగనందుకు సంతోషించాను.

ఊళ్ళో నా ఈడు ఆడమనిషి ఒక్కతి కూడా లేదు. బడి ఈడు పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటారు, సెలవులకొస్తారు. ఇంటర్ అయిన వాళ్ళని కంపెనీల జీపులు ఎక్కించుకుపోయాయి. పెళ్ళైన వాళ్ళు మొగుళ్ళతో కలిసి చెన్నైకో హైదరాబాదుకో కట్టుబడి పనులకి పోయారు. పిల్లలు కూడా అక్కడే పుట్టి అక్కడే పెరుగుతున్నారు. ఊళ్ళో మిగిలింది అమ్మ ఈడు వాళ్ళూ, అమ్మకు అమ్మ ఈడు వాళ్ళూ. అంగన్‌వాడీ గదిలో కాఫీ గింజల బస్తాలు పెట్టుకున్నారు.

అలాంటి చోటికి నేను వచ్చి పడ్డాను. వచ్చిన మర్నాడే అమ్మకు అక్క వరసయ్యే పెద్దమ్మ వాకిట్లోంచి కేకేసింది. "ఒలే గుంటా, నిచ్చెనెక్కి ఆ పెంకు సర్దీ. మాకు కాళ్ళు వొణుకుతన్నాయి."

గుంట అంటే మా వైపు చిన్నపిల్ల. నేను తిరిగి చూశాను, ఇంకెవరినైనా పిలుస్తోందేమోనని. నన్నే. అప్పట్నుంచి ఊళ్ళో బరువైన పనులన్నీ గుంటకే వచ్చాయి. బస్తా ఎత్తాలంటే గుంట, ఊట దగ్గరి నుంచి నీళ్ళ బిందె తేవాలంటే గుంట. పట్నంలో ఆంటీని, ఇక్కడ గుంటని. ముసలమ్మలు చిరిగిన రవికెలూ సూదీ దారమూ పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్ళు, చిన్నదాని కళ్ళు బాగుంటాయని. నా చూపు పోయిందని ఎక్కడ బయటపడుతుందోనని పని ఉందని తప్పించుకునేదాన్ని. తప్పించుకోలేనప్పుడు ఊపిరి బిగబట్టి దారం ఎక్కించేదాన్ని. మొదటిసారికే ఎక్కేది. అదృష్టం అనుకునేదాన్ని.

సంతకు వెళ్ళినప్పుడు మాత్రం బాగుండేది కాదు. శుక్రవారం అరకు సంతలో మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా కలుస్తారు. నేను కనబడగానే ఆడవాళ్ళు మాటలు ఆపేవాళ్ళు. పెళ్ళి కాలేదు, పని మానేసింది, పట్నం నుంచి తిరిగొచ్చింది. వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు సగమే అర్థమైంది. పనికిరానిదాన్ని అనుకుంటున్నారని నేననుకున్నాను. అమ్మ నాకు అడ్డంగా నడిచేది. ఎవరైనా పలకరించబోతే, బేగి రా, అల్లం ధర పడిపోతాది అని నన్ను లాక్కుపోయేది.

వచ్చిన రెండో ఏడు శీతకాలంలో ఒక హోటల్ మేనేజరు బైకు మీద మా ఊరు వచ్చాడు. అరకులో టూరిస్టులు దిగే హోటలది. సాయంత్రాలు మంట వేసి, దాని చుట్టూ ధింసా ఆడించి చూపిస్తారు. ఇదివరకు ఆడే బృందం వాళ్ళు పని మీద వేరే ఊరు పోయారట. మీ ఊళ్ళో ఆడతారని విన్నాను, వయసులో ఉన్న అమ్మాయిలు ఓ పన్నెండు మంది కావాలి అన్నాడు. పెద్దమ్మ పకపకా నవ్వి, ఊరంతా తిరిగి వెతుక్కో నాయనా, దొరికితే నాకూ సూపించు అంది. అతను నిజంగానే తిరిగి చూశాడు. వచ్చి, పోనీ ఉన్నవాళ్ళే రండి అన్నాడు.

నాకు ధింసా సరిగ్గా రాదు. చిన్నప్పుడు పండగల్లో వరస చివర వేలాడేదాన్ని. తర్వాత కాలమంతా కాలర్లతోనే గడిచింది. పెద్దమ్మ వరస ముందు నిలబడి నెమలీకల కట్ట ఊపుతుంటే, ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని అమ్మా, ఊళ్ళో మిగతా ముసలమ్మలూ పాములా కదిలేవాళ్ళు. మగవాళ్ళు తుడుము వాయిస్తూ మోరి ఊదేవాళ్ళు. కళ్ళం మీద కొన్నాళ్ళు నాకు నేర్పారు. నేను తప్పడుగు వేస్తే పక్కనున్న అమ్మ చెయ్యి నా నడుం మీద కొంచెం బిగిసేది. అంతే, కాలు దారిలో పడేది. ఆ రోజులు బాగున్నాయి.

హోటల్లో కొన్నాళ్ళు ఆడాక మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. తెలుగు చక్కగా మాట్లాడతానని ఏదైనా చెప్పాలంటే నాతోనే చెప్పేవాడు. గెస్టులు ఫోన్లలో వీడియోలు తీసి పెడుతున్నారమ్మా, కింద కామెంట్లు బాగుండట్లేదు, ముసలమ్మల డాన్స్ అంటున్నారు, నువ్వు ముందుకు రా, పెద్దవాళ్ళని మంట వెలుగు పడని వైపు ఉంచు అన్నాడు. కాదంటే ఇంకో ఊరు వెతుక్కుంటాడు. ఆ సాయంత్రం వరస కట్టేటప్పుడు నేను పెద్దమ్మకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను. పెద్దమ్మే నెమలీకలు నా చేతిలో పెట్టి, ఆడు సెప్పింది నాకూ ఇనబడినాదిలే అంది. అమ్మ వరస చిట్టచివరికి, చీకట్లోకి వెళ్ళి నిలబడింది. నా పక్కన ఇంకెవరిదో చెయ్యి. తప్పడుగు వేసినా ఆ చెయ్యి బిగియలేదు.

అలా నేను ముందు నిలబడటం మొదలుపెట్టిన వారంలోపే ఆ బస్సులొచ్చాయి.

సాయంత్రం హోటల్ వెనక స్టోర్ గదిలో చీర మోకాళ్ళ పైకి కట్టుకుని, తలలో పూలు పెట్టుకుంటున్నాం. బయట ఆడపిల్లల అరుపులూ నవ్వులూ వినబడ్డాయి. కిటికీలోంచి చూశాను. రెండు బస్సుల నిండా ఒకే ఈడు పిల్లలు, ఒకే రంగు టీషర్టులు. టీషర్టు మీద పేరు చదవక్కర్లేకపోయింది. దిగే తీరు చూస్తేనే తెలిసింది. షిఫ్ట్ బస్సు దిగినట్టే దిగుతున్నారు, ముందున్న పిల్ల భుజం మీద చెయ్యేసి. ఏడాదికోసారి కంపెనీ వాళ్ళు టూర్ తీసుకెళ్తారు. నేనున్నప్పుడు సింహాచలం, భీమిలి చూపించారు. ఈసారి అరకు. ఆఖరున దిగింది మా సూపర్‌వైజర్ మేడం.

కిటికీ దగ్గరి నుంచి వెనక్కి జరిగాను. కడుపులో నొప్పిగా ఉంది, ఇవాళ ఆడలేను అన్నాను పెద్దమ్మతో. పెద్దమ్మ నా నుదురు ముట్టుకుని చూసింది. నువ్వు లేకపోతే ముందెవరు నిలబడతారు, ఆడు మమ్మల్ని ఒప్పుకోడు కదా అంది. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే అంది. మేనేజరు తలుపు కొడుతున్నాడు. నెమలీకలు పట్టుకుని బయటికి నడిచాను.

మంట బాగా రాజేశారు. ఆ వెలుగంతా నా ముఖం మీదే. తల వంచుకుని ఆడాను. అడుగులు తప్పాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, ఫోన్లు ఎత్తారు. ఎవరో, అటు చూడవే, మన అక్కలా లేదూ అనడం స్పష్టంగా వినబడింది. మామూలుగా ఆఖరు పాటకు చూసేవాళ్ళని కూడా వరసలోకి పిలుస్తాం. ఆ రోజు పిలవకముందే వచ్చేశారు. అక్కా అంటూ ఇద్దరు నా రెండు వైపులా చేతులు పెనవేశారు. నా పక్క మిషన్ల మీద కుట్టిన వాళ్ళే. ఇక్కడ పని చేస్తున్నావా, ఎంత బాగుందో నీ చీర అంటున్నారు. వాళ్ళ మాటల్లో వెటకారం ఏమీ లేదు. అయినా నేల చీలితే దిగిపోదామన్నంత సిగ్గేసింది. టూరిస్టుల ముందు ఆడుతున్నందుకు కాదు. ముసలమ్మల్ని చీకట్లో పెట్టి, ముప్పై దాటిన నేను వయసులో ఉన్నదానిలా ముందు నిలబడి ఆడుతుంటే, నిజంగా వయసులో ఉన్నవాళ్ళొచ్చి నా పక్కన నిలబడ్డారు.

పాట అయిపోయాక గబగబా స్టోర్ గదికి వచ్చేశాను. మేడం నా వెనకే వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చింది. లోపల అమ్మ ఒక మూల కూర్చుని కాళ్ళకు కట్టిన గజ్జెలు విప్పుకుంటోంది. మేడానికి ఆమె మా అమ్మని తెలియదు. జుట్టుకు కొత్తగా నల్లరంగు వేసుకుంది మేడం, చెంపల దగ్గర చర్మానికి కూడా అంటింది. ఎలా ఉన్నావని అడిగింది. బాగానే ఉన్నానన్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నీ కళ్ళకేం కాలేదమ్మా. నీ కుట్టు ఎప్పుడూ బాగానే ఉండేది. ముప్పై దాటిన వాళ్ళని తగ్గించమని పైనుంచి చెప్పారు. ఏదో ఒక కారణం చూపించమన్నారు. మొన్నటిదాకా నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము."

ఇప్పుడు నా పేరు కూడా ఆ వరసలోనే ఉందిలే, ఎప్పుడో తెలియదు అని మేడం నవ్వబోయింది. ఆ మాట వినగానే ఒక్క క్షణం నాకు తృప్తిగా అనిపించింది. అనిపించిన మరుక్షణం ఆమె చెంపల మీది నల్లరంగు కనబడి, ముఖం తిప్పుకోవాల్సి వచ్చింది. బయట బస్సు హారన్ కొట్టింది. మేడం వెళ్ళిపోయింది.

తిరిగి చూస్తే అమ్మ గజ్జెలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. అన్నీ వింది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ అమ్మ బయటికే చూస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పినందుకు కోపమొచ్చిందనుకున్నాను. తెల్లారాక ఇద్దరం కాఫీ పళ్ళు కోయడానికి తోటలోకి వెళ్ళాం. మిరియాల తీగలు పాకిన చెట్ల కింద ఇంకా మంచు విడలేదు. అమ్మ ఒక కొమ్మ వంచి పట్టుకుని, పళ్ళు కోయకుండా నిలబడిపోయింది.

"వయసైపోనాదని పంపేసినారా నిన్ను?" అంది.

అవునన్నాను.

"అదేనా? ఇంకేటీ లేదా?"

"ఇంకేముంటుందమ్మా?"

అమ్మ కొమ్మ వదిలేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ముందు నవ్వుతోందనుకున్నాను.

"ఎవుడో మోసం సేసి ఒగ్గేసినాడనుకున్నాను. అది సెప్పుకోలేక, మానేసినానంటన్నావని. నువ్వొచ్చిన కాడి నుంచి మూడు నెలలు నీ పొట్టేపే సూసినాను. సంతలో అందరూ అదే అనీవోరు. ఆ మాట నీ సెవిన పడకుండా నిన్ను లాక్కొచ్చీదాన్ని."

సంతలో అమ్మ నాకు అడ్డంగా ఎందుకు నడిచేదో, అల్లం ధర వంక ఎందుకు చెప్పేదో అప్పటికి తెలిసింది. వయసు మీరిందన్న చిన్న మాటను నేను దాచుకుంటే, అమ్మ దానికన్నా ఎంతో పెద్దదాన్ని ఊహించుకుని, ఒక్కర్తే, ఎవరితోనూ పంచుకోకుండా భరించింది. నన్ను ఒక్క మాట అడగలేదు. కొండ దేవత దగ్గర కోడిని మొక్కుకుందట, నాకు ఏ ఆపదా రాకూడదని. ఆ మొక్కు తీర్చడానికి నేనే కోడిని చంకన పెట్టుకుని అమ్మ వెంట వెళ్ళాను. ఎందుకని నేనూ అడగలేదు.

"అడగొచ్చు కదమ్మా" అన్నాను చివరికి.

"అడిగితే నువ్వు మళ్ళీ పట్నం ఎల్లిపోతావని." అమ్మ మళ్ళీ కొమ్మ అందుకుని, నావైపు చూడకుండా పళ్ళు కోస్తూ అంది. "పుడితే నానే పెంచుదుననుకున్నాను. ఊర్లో ఉయ్యాల కట్టి ఎన్నాళ్ళైనాదో. భయపడీదాన్ని, మళ్ళీ ఎదురూ సూసీదాన్ని. ఆ మూడు నెలలూ అలాగే గడిసిపోనాయి."

ఆ రోజు సంచి నిండలేదు. ఎండ బాగా ఎక్కేదాకా ఇద్దరం ఒక్క చెట్టు దగ్గరే ఉన్నాం.

ఆ తర్వాత సంతలో ఎవరైనా మాటలు ఆపితే నేనే దగ్గరికి వెళ్ళి చెప్పేదాన్ని, ముప్పై దాటానని కంపెనీ వాళ్ళు పంపేశారని. మొదటిసారి చెప్పినప్పుడు చెవులు వేడెక్కాయి. ఒకామె బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకామె తన కూతుర్ని కూడా అలాగే పంపారనీ, తామూ పైకి చెప్పుకోలేదనీ మెల్లిగా అంది. హోటల్లో నెమలీకలు మళ్ళీ పెద్దమ్మ చేతికే ఇచ్చేశాను. మేనేజరు సణిగాడు. ఆ సీజనుకు వేరే దిక్కులేక ఊరుకున్నాడు. తర్వాతి ఏడు కొండ కింద కాలేజీ ఏదో చూసుకుని అక్కడి అమ్మాయిల్ని తెచ్చుకున్నాడు. వాళ్ళ ఆట చూడ్డానికి పెద్దమ్మ ఒకసారి గేటు దాకా వెళ్ళి చూసి వచ్చింది. బాగానే ఆడతన్నారు పాపం అంది. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ ఏడే పెద్దమ్మ మనవరాలికి ఇంటర్ అయింది. వరసకు నేను పిన్నినైనా, ఆ పిల్ల నన్ను అక్కా అనే పిలిచేది. జీపు వచ్చే రోజుల్లో ఆ పిల్లకు జ్వరం. తగ్గాక ఒంటరిగా ఎలా పంపడమని, పట్నం తెలిసినదానివి నువ్వే దిగబెట్టి రా అని పెద్దమ్మ నన్ను అడిగింది. వద్దని చెప్పాలని ఉంది. కానీ ఇక్కడ ఉండి ఏం చెయ్యమని చెప్పను? బస్తాలు ఎత్తమనా? ఆ పిల్ల దారి పొడుగునా హాస్టల్ గురించి, బీచి గురించి అడుగుతూనే ఉంది. అడిగినదానికల్లా బాగుంటుందని చెప్పాను. నిజంగానే బాగుండేది, కొన్నాళ్ళు. బస్సు దిగబోయే ముందు మాత్రం, ఎప్పుడైనా వాళ్ళు పంపేస్తే పంపేశారనే ఇంట్లో చెప్పు, ఇంకోలా చెప్పకు అన్నాను.

"పంపేసేలా నేనెందుకుంటానక్కా?" అంది. గర్వంగా ఏమీ అనలేదు. ఆ పిల్లకు అప్పుడే పద్దెనిమిది నిండాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను, అమ్మగారు బయటే ఉండాలండి అన్నాడు. ఆ పిల్ల నవ్వి, అమ్మ కాదండీ మా అక్క అంది. నేను మేడం గురించి అడిగాను. ఆవిడ మానేశారండి, కొత్త మేడం వచ్చారు అన్నాడు. మానేశారా, పంపేశారా అని అడగబోయి ఊరుకున్నాను. అతనికి మాత్రం ఏం తెలుస్తుంది.

షిఫ్ట్ వదిలే వేళైంది. గేటు తీశారు. వరసలు వరసలుగా పిల్లలు బయటికి వస్తున్నారు. నాకు తెలిసిన ముఖం ఏదైనా ఉంటుందేమో, ముప్పై దాటినవాళ్ళు ఒక్కరైనా కనబడతారేమో చూద్దామనే నిలబడ్డాను. కానీ వాళ్ళు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే కదిలాయి. రోడ్డవతల టీ బడ్డీ వెనక్కి వెళ్ళి, బస్సులన్నీ కదిలిపోయేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అమ్మకు అంతా చెప్పాను. ఇప్పుడు ఏదీ దాచడం లేదు కదా, బడ్డీ వెనక నిలబడ్డ సంగతీ చెప్పాను. ఎందుకలా నిలబడ్డావని అమ్మ అడిగింది. సిగ్గేసిందన్నాను. ఎవుల్ని సూసి అంది. ఆ పిల్లల్ని చూసా, నన్ను నేను చూసుకునా, నాకే తేలలేదు. అమ్మ కంచంలో ఇంకొంచెం అన్నం వేసి నావైపు జరిపింది.